సెల్లార్ పిల్లర్ మీద ఎర్ర సున్నాలు

ఆ మంగళవారం పొద్దున మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వచ్చిన మెసేజ్ రెండే వాక్యాలు. కింది ఫ్లాట్ పెద్దాయన, రిటైర్డ్ ఫ్యాక్టరీ ఉద్యోగి, గుండెపోటుతో పోయారు. సెల్లార్‌లో గేటు పక్కన బండ్లు పెట్టినవాళ్లు వెంటనే తీసేయాలి. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఆ బొమ్మల మధ్యలోనే ఎవరో నీళ్ల ట్యాంకర్ ఎన్నింటికి వస్తుందని అడిగారు, ఇంకెవరో పదకొండుకని చెప్పారు.

రిటైర్డ్ ఫ్యాక్టరీ ఉద్యోగి అన్న ముక్క దగ్గర నాకు ఒళ్లు మండింది. అబద్ధం కాదు, జీడిమెట్లలో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసిన మాట నిజమే. కానీ మా అమ్మాయికి చదువంటే భయం పోగొట్టిన మనిషి ఆయన. రెండేళ్ల పాటు ఆ సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని నలుగురు పిల్లలకు లెక్కలు నేర్పాడు. ఆ బొమ్మలు పెట్టినవాళ్లంతా రోజూ ఆ కుర్చీ పక్క నుంచే కార్లు తీసుకుని ఆఫీసులకు పోయారు, దాన్ని బడి అనడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు. గ్రూపులో రాస్తే గొడవవుతుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది అనంతపురం, మా ఆయనది కడప. నిజాంపేట దగ్గర ఈ అపార్ట్‌మెంట్‌లో కిరాయికి ఉంటున్నాం. మా ఆయన ఆఫీసు గచ్చిబౌలిలో. నేను హైటెక్ సిటీలో తొమ్మిదేళ్లు టెస్టర్‌గా చేసి మానేశాను. టెస్టర్ అంటే వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే ఉద్యోగం. ఆ పనిలో నేను గట్టిదాన్నే. ఆ గట్టితనమే నా కూతురి మీదికి వచ్చిందన్న సంగతి తర్వాత చెబుతాను.

మా పెద్దది హారికను ఒకటో తరగతిలో చేర్చినప్పుడు దానికి ఆరేళ్లు. ఆ బడి పేరెందుకు గానీ, అక్కడ ప్రతి శనివారం పరీక్ష. మార్కులను బట్టి సోమవారం సెక్షన్ మారుతుంది. నాలుగు నెలల్లో మా పిల్ల మూడు సెక్షన్లు కిందికి దిగింది. గౌను చేతులు నమలడం మొదలుపెట్టింది. ఇంటికొచ్చి ఏ ప్రశ్నా అడిగేది కాదు. అంతకు ముందు రోడ్డు మీద పోతుంటే నిమిషానికి పది ప్రశ్నలు వేసి నా ప్రాణం తీసే పిల్ల అది. ఒక ఆదివారం జడ వేస్తుంటే, "అమ్మా, నేను కింది సెక్షన్ అమ్మాయినా?" అంది. మర్నాడు నేను దాన్ని బడికి పంపలేదు. ఆ తర్వాత ఎప్పుడూ పంపలేదు.

చుట్టాలంతా ఒక్కసారే డాక్టర్లూ లాయర్లూ అయిపోయారు. మా అత్తగారు కడప నుంచి ఫోన్ చేసి, "మొక్కై వంగనిది మానై వంగునా?" అన్నారు. మా ఆయన పెద్దగా అరవలేదు గానీ గడువు పెట్టాడు. "జూన్ దాకా చూస్తా. అప్పటికి దీనికి చదువు రాకపోతే మళ్లా అదే స్కూలు. ఇంక మాటల్లేవు." అప్పుడు నవంబరు. నా చేతిలో ఏడు నెలలున్నాయి.

పుస్తకాలకు కరువు లేదు. ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు నెట్‌లో ఊరికే దొరుకుతాయి. పిల్లల బొమ్మల కథలూ అంతే. గ్రంథాలయంలో పిల్లల అర ఒకటుంది, దుమ్ము దులుపుకుంటే చాలు. రెండో అంతస్తులో భీమవరం నుంచి వచ్చిన టీచరమ్మ ఉన్నారు, ప్రభుత్వ బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. అడగడానికి మొహమాటపడుతూ వెళ్తే ఆవిడే నా చేతిలో పుస్తకం లాక్కున్నారు. "ఇంతకాలం ఎందుకు చెప్పలేదండీ? రోజూ నాలుగింటికి పంపించండి. నేనూ ఇంట్లో గోడలకే కథలు చెబుతున్నానండీ." కథలు అలా కుదిరాయి. లెక్కలు నేను చెబుతానన్నాను. అక్కడే తప్పు చేశాను.

టెస్టర్‌ని కదా, ల్యాప్‌టాప్‌లో ఒక షీటు తయారుచేశాను. కూడికలు ఒక వరస, తీసివేతలు ఒక వరస, గడియారం చూడటం ఒక వరస. వస్తే ఆకుపచ్చ రంగు, రాకపోతే ఎరుపు. రోజూ సాయంత్రం నింపేదాన్ని. శనివారం పరీక్షల బడి నుంచి పిల్లను లాక్కొచ్చి, ఇంట్లో రోజూ పరీక్ష పెట్టే బడి తెరిచానన్న ఇంగితం నాకు లేకపోయింది. ఒకరోజు నేను వంటింట్లో ఉండగా అది ఆ షీటు చూసింది. చదవడం రాకపోయినా రంగులు తెలుసు. ఎరుపే ఎక్కువ. నేను వచ్చేసరికి తలుపు తీసి ఉంది, పిల్ల లేదు.

ఐదు అంతస్తులూ వెతికి సెల్లార్‌లోకి పరుగెత్తాను. పిల్లర్ పక్కన పాత స్కూటర్ వెనక నక్కి కూర్చుని ఉంది. దానికి కాస్త దూరంలో కుర్చీలో పెద్దాయన, ఏమీ పట్టనట్టు స్టీలు గ్లాసులో టీ తాగుతున్నాడు. కూతురూ అల్లుడూ ఆఫీసులకు పోయాక, మూసిన తలుపుల మధ్య ఊపిరాడదని రోజూ అక్కడే కూర్చునేవాడు. ఎదురుపడితే నమస్కారం తప్ప అప్పటిదాకా మా మధ్య మాటల్లేవు. నేను అరవబోతుంటే చెయ్యెత్తాడు.

"జర ఆగు బిడ్డా. పొల్ల యాడికీ పోలే. ఏమైందో నాకు చెప్పు."

ఏడుపొచ్చేసింది. అంతా చెప్పాను, బడి నుంచి జూన్ దాకా. షీటు చూపించమన్నాడు. ఫోన్‌లో తెరిచిచ్చాను. దారం కట్టిన కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఆయన ఉద్యోగం మిషన్ షాపులో ఫైనల్ ఇన్‌స్పెక్షన్ అని అప్పుడే తెలిసింది. తయారైన ప్రతి పీసునూ కొలిచి, సరిగా లేనిదానికి ఎర్ర రంగు పూసి పక్కన పడేసే పని.

"షీటు మంచిగ చేసినవ్. మా కంపెనీల గూడ ఇంత నీటుగ లేకుండె," అన్నాడు. "కానీ బిడ్డా, నేను ముప్ఫై ఏండ్లు రిజెక్ట్ డబ్బాల పీసులు ఏసిన. ఒక్క పీసన్న ఏడ్వలే. గీ పొల్ల ఏడుస్తున్నది. నువ్వు గీడ ఏం చెక్ జేస్తున్నవ్?"

ఫోన్ వెనక్కి లాక్కున్నాను. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది.

ఆయన స్కూటర్ వైపు తిరగకుండానే, గాలితో మాట్లాడినట్టు, "ఈ పిల్లర్ కాడి నుంచి ఆ పిల్లర్ దాకా నా అంచనల ఇరవై అడుగులుంటది. ఎవరన్న కొలిస్తె తెలుస్తది. నా మోకాళ్లు వంగుతలేవు," అన్నాడు. జేబులోంచి టేపు తీసి నేల మీద పెట్టాడు. కొంతసేపటికి స్కూటర్ వెనక నుంచి ఒక చిన్న చెయ్యి బయటికొచ్చింది. కొలిస్తే పదహారు కూడా రాలేదు. ఆయన లేచి పిల్లర్ మీద సుద్దముక్కతో తన అంచనా రాశాడు, దాని పక్కన కొలత రాశాడు. ఇంకో జేబులోంచి ఎర్ర సుద్ద తీసి, తన ఇరవై చుట్టూ సున్నా చుట్టాడు.

"తాతా, తప్పు. తుడిచెయ్యి," అంది హారిక.

"తుడ్వొద్దు. తుడిస్తె మల్ల గదే తప్పు జేస్త. సున్న సుట్టి పెడితె కండ్ల ముందల ఉంటది. ఎంత తప్పిన, ఎందుకు తప్పిన, చూసుకుంట. ఇగ ఇంకోటి."

మా చదువంతా ఆ పద్ధతి మీదే నడిచింది. ముందు అంచనా, తర్వాత కొలత. తప్పితే ఎర్ర సున్నా, దాని గురించి రెండు మాటలు, ఇగ ఇంకోటి. బకెట్‌లో ఎన్ని చెంబుల నీళ్లు, ఉల్లిగడ్డల సంచి ఎంత బరువు, లిఫ్టు ఐదో అంతస్తుకు పోవడానికి ఎన్ని అంకెలు లెక్కపెట్టాలి. పిల్లలు, పెద్దలు, ఎవరు చెప్పిన అంచనా అయినా పేరుతో సహా పిల్లర్ ఎక్కేది. వాచ్‌మన్ కూతుళ్లిద్దరూ సర్కారు బడి నుంచి వచ్చి చేరారు. మా చిన్నోడికి నాలుగేళ్లు, వాడు ప్రతిదానికీ "వంద" అనేవాడు. పిల్లర్ నిండా వాడి వందల చుట్టూ ఎర్ర సున్నాలే. వాడికి అదో పండగ.

నా సున్నాలు వాడికంటే తక్కువేమీ కాదు. కిలో కందిపప్పులో ఎన్ని గ్లాసులని అడిగితే, పదేళ్లుగా వండుతున్న మనిషిని, ఘోరంగా తప్పాను. హారిక తన చేత్తో నా అంకె చుట్టూ సున్నా చుట్టి, "ఏం కాదమ్మా, ఇంకోటి" అంది. ఆ సాయంత్రం ల్యాప్‌టాప్ తెరిచి షీటు తీసేశాను. తుడవకూడదన్న ఆయన సూత్రానికి నేను చేసిన మినహాయింపు అదొక్కటే.

ఆయన ఎప్పుడూ శభాష్ అనలేదు. సరిగ్గా వస్తే, "ఎట్లొచ్చింది?" అనేవాడు. తప్పితే కూడా, "ఎట్లొచ్చింది?" అనేవాడు. రెండింటికీ ఒకే గొంతు. చెవి మీద పెన్సిల్, చొక్కా జేబులో ఆరంగుళాల స్టీలు స్కేలు ఎప్పుడూ ఉండేవి. మా అత్తగారి సామెత ఒకసారి ఆయనతో చెప్పుకుని బాధపడితే, పెన్సిల్ తీసి చెక్కుతూ, "వంచుడెందుకు? అదేమన్న ఇనుప కడ్డీనా? నిలువుగ పెరగనియ్యి," అన్నాడు. ఆ మాట నేను కడపకు ఫోన్ చేసి మరీ చెప్పాను.

మా అసోసియేషన్ సెక్రటరీ గారిదీ మా రాయలసీమే, ప్లాట్ల వ్యాపారం. ఒకరోజు కారు దిగుతూనే పిల్లర్ చూసి గొంతు పెంచారు.

"ఏం సార్ ఇది? పిల్లర్లంతా గీకి పెట్టినారు. ఫ్లాట్ కొనేకి వచ్చినోళ్లు చూస్తే ఏమనుకుంటారు? బడికి పోకుండా ఈ పిల్లోళ్లేంది, వాచ్‌మన్ పిల్లోళ్లతో కలిసి ఈ గోలేంది?"

పెద్దాయన కుర్చీలోంచి లేవలేదు. "సెక్రటరీ సాబ్, మీ కారు జాగ ఎన్ని గజాలుంటది? మీ అంచన చెప్పున్రి."

గజాలు అమ్ముకునే మనిషిని ఆ ప్రశ్న అడిగితే ఆగగలడా? "పదహైదు. చూస్తానే చెప్తా నేను," అన్నారు. పిల్లలు టేపు పట్టుకుని పరుగెత్తారు. పొడవు, వెడల్పు, హారిక నేల మీద సుద్దతో గడులు గీసి లెక్కపెట్టింది. పదమూడు. సెక్రటరీ గారి పేరు పిల్లర్ ఎక్కింది, పదిహేను చుట్టూ సున్నా పడింది. చిన్నోడు చప్పట్లు కొట్టాడు. ఆయన ముఖం ఎర్రబడింది. మర్నాడు అదే పిల్లర్ మీద నోటీసు అతికించారు: సెల్లార్‌లో తరగతులు నిషేధం.

నేను భయపడ్డాను. ఇల్లు మాది కాదు, ఓనర్‌కు ఒక్క ఫోన్ చేస్తే చాలు. పెద్దాయన కుర్చీని అంగుళం జరపలేదు. "నా కుర్చీ, నా పార్కింగ్ జాగ. నేను కూసుంట. పిల్లలొచ్చి నాతోని ముచ్చట బెడ్తరు. ముచ్చట బంద్ అని రాయమను, చూద్దం," అన్నాడు. ఆ తర్వాత నోటీసు కింద సుద్దతో ఒక ప్రశ్న రాశాడు. ఈ కాగితం ఎన్ని రోజులుంటుంది? చిన్నోడు వంద అన్నాడు. హారిక పది అంది. తాత ఎనిమిది అన్నాడు. రోజుకో గీత గీశారు. తొమ్మిదో రోజు పైపు కారి పిల్లర్ చెమ్మకు కాగితం తనంతట తానే ఊడి కింద పడింది. తాత తన ఎనిమిది చుట్టూ సున్నా చుట్టుకుని, "ఒక్క దినం తప్పిన," అని నిజంగానే నొచ్చుకున్నాడు. మళ్లీ నోటీసు రాలేదు.

మే నెలాఖరులో మా ఆయన పాత బడి నుంచి ఒక ప్రశ్నపత్రం తెచ్చాడు. రెండో తరగతిలో చేర్చుకోవడానికి పెట్టేది. "చేయనీ. చూద్దాం," అన్నాడు. హారిక బల్ల దగ్గర కూర్చుని గంటసేపు చేసింది. ఇరవై లెక్కల్లో ఏడు తప్పు. మా ఆయన పెన్ను తీసి తప్పులు లెక్కపెడుతున్నాడు, నేను దాని గౌను చేతుల వంకే చూస్తున్నాను. అది కాగితం లాక్కుని తప్పొప్పులు అడిగింది. ఎర్ర క్రేయాన్ తెచ్చుకుని ఏడింటికీ తానే సున్నాలు చుట్టింది. కాగితం తీసుకెళ్లి ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అతికించింది.

"నాన్నా, ఈ నాలుగూ ఒకే తప్పు. పదులు అప్పు తెచ్చి మర్చిపోయాను. మిగతా మూడు ఎట్లొచ్చాయో తెలీలేదు, రేపు తాతను అడుగుతా," అని ఆడుకోవడానికి పోయింది.

మా ఆయన ఫ్రిజ్ ముందు నిలబడే ఉన్నాడు. ఏడుస్తుందనుకున్నాడట. మూడు సెక్షన్లు దిగిన పిల్ల అలా తప్పుల్ని గోడకెక్కించి ఆటకు పోవడం ఆయన ఊహించలేదు. జూన్ వచ్చింది, పోయింది. బడి మాట ఆయన ఎత్తలేదు, నేను గుర్తు చేయలేదు. ఒక శనివారం చూస్తే తానే సెల్లార్‌లో నిలబడి, నీళ్ల ట్యాంకర్ నిండా ఎన్ని బకెట్లని అంచనా చెబుతున్నాడు. తప్పాడు.

ఆ తర్వాత ఏడాదికి పైగా పెద్దాయన మా పిల్లలకు ఎన్నో చేశాడు, అన్నీ రాయలేను. అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం చక్రం. పాత సామాన్ల కొట్టు నుంచి పిల్లల సైకిల్ చక్రం ఒకటి తెచ్చి, దానికి పొడుగాటి కర్ర బిగించి, ఒక ఊచకు ఎర్ర గుడ్డపేలిక కట్టాడు. దొర్లిస్తూ పోతే గుడ్డ కిందికొచ్చిన ప్రతిసారీ ఒక చుట్టు. దూరాలు దాంతోనే కొలిచేవాళ్లు. పోయేముందు శుక్రవారం పిల్లర్ మీద కొత్త ప్రశ్న పడింది. ప్రగతి నగర్ చెరువు గట్టు మీద నడక బాట, ఈ కొస నుంచి ఆ కొసకు ఎన్ని చుట్లు? హారిక ఐదు వందలు. చిన్నోడు ఎప్పటిలాగే వంద. తాత నాలుగు వందల పది. బుధవారం పొద్దున అందరం కలిసి పోదామన్నాడు. మంగళవారం టీ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయాడు.

పదకొండో రోజు అయ్యాక హారిక చక్రం తీసుకుని గుమ్మంలో నిలబడింది. "కొలత రాయలేదమ్మా ఇంకా," అంది. ఆటో ఎక్కి పోయాం. పొద్దున పదకొండు గంటలు, నడిచేవాళ్లు తక్కువ. హారిక చక్రం దొర్లిస్తూ పైకి లెక్కపెడుతోంది. వంద కాగానే జేబులోంచి ఒక చింతగింజ తీసి తమ్ముడి చేతిలో పెడుతోంది. బెంచీ మీద కూర్చున్న పెద్దమనిషి ఒకాయన అలవాటుగా అడిగాడు, "ఏం పాపా, ఇయ్యాల స్కూల్ లేదా?"

రెండేళ్ల క్రితమైతే అది నా వెనక దాక్కునేది. ఇప్పుడు తల కూడా తిప్పలేదు. "ఉందంకుల్. ఇదే. మాట్లాడించకండి, లెక్క తప్పుతుంది," అంది. నేను ఆయనకు నమస్కారం పెట్టి ముందుకు నడిచాను. కన్నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు, కొంగు అడ్డం పెట్టుకోలేదు. ఎవరైనా చూస్తే చూడనీ అనుకున్నాను.

నాలుగు చింతగింజలూ, పైన నలభై ఏడు చుట్లు.

తిరిగొచ్చేసరికి సెల్లార్‌లో పెయింట్ వాసన. మూడేళ్లకోసారి వేసే రంగేనట. పిల్లర్లు ఒక్కొక్కటే తెల్లబడుతున్నాయి. పెయింటరు మా పిల్లర్ ముందు డబ్బా దించి, "అక్కా, జర పక్కకు జరుగున్రి," అన్నాడు. నేను పెద్దాయన కుర్చీ తెచ్చి ఆ పిల్లర్‌కు ఆనించి వేసుకుని కూర్చున్నాను. "దీనికి వద్దు తమ్ముడూ." సెక్రటరీ గారు చెప్పారన్నాడు. "ఆయన పేరు కూడా దీని మీదుంది. తన పేరు తానే వచ్చి తుడుచుకోమను," అన్నాను. ఫోన్ చేశాడు. అవతల ఏమన్నారో నాకు తెలీదు. డబ్బా ఎత్తుకుని పక్క పిల్లర్‌కు పోయాడు. ఐదయ్యేదాకా నేను లేవలేదు. టీచరమ్మ కిందికొచ్చి ఇంకో కుర్చీ వేసుకుని నా పక్కన కూర్చున్నారు. పిల్లలకు కథ అక్కడే చెప్పారు.

హారిక మునివేళ్ల మీద నిలబడి కొలత రాసింది, 447. తన ఐదు వందలకు సున్నా చుట్టింది, తమ్ముడి వందకు చుట్టింది. ఎర్ర సుద్ద పట్టుకుని తాత అంకె ముందు కాసేపు ఆగింది. నావైపు చూసింది. నాలుగు వందల పది చుట్టూ కూడా మెల్లగా, గుండ్రంగా, మధ్యలో ఎక్కడా తెగకుండా సున్నా చుట్టింది. "ముప్ఫై ఏడు తప్పాడు తాత," అంది. తెల్ల సుద్ద అందుకుని, "ఇంకోటి," అంది.

అందరూ అంచనాలు రాసేశాక ఆ కొత్త ప్రశ్న నాకు చూపించింది. ఈ పిల్లర్ రంగు వేయకుండా ఎన్ని రోజులుంటుంది? చిన్నోడు వంద. హారిక వెయ్యి. వాచ్‌మన్ పిల్లలు చెరో రెండు వేలు. నేను వాళ్లందరి కంటే పెద్ద అంకె రాశాను. కొలత రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది. దాని కింద, తెల్లటి పిల్లర్ల మధ్య మాసిపోయిన ఆ ఒక్క పిల్లర్ మీద, ఇవాళ్టికి ఆరు గీతలు.